ఊపిరి అందని చోట

క్షయ శానిటోరియం, మన నల్లవాళ్ళ వార్డు
1954 మార్చి 9

వీనక్కా,

నన్ను ఇక్కడ దింపి వెళ్ళాక ఇదే మొదటి ఉత్తరం. నాకు బద్ధకమని అమ్మ అనుకుంటూ ఉంటుంది. ఇన్నాళ్ళూ వీళ్ళు రాయనివ్వలేదు. ఇక్కడ చెయ్యెత్తకూడదు, గట్టిగా నవ్వకూడదు, పాడనే కూడదు. ఊపిరితిత్తిలో పుండు మానాలంటే అది కదలకుండా పడుకోవాలట. దానితోపాటు నేనూ పడుకోవాలట. హెలెనా రేవు పక్క సారాకొట్టులో పియానో పళ్ళు రాలగొట్టినవాణ్ణి, ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఇప్పుడు నర్సమ్మ మొక్కజొన్న జావ నోట్లో పోస్తే మింగుతున్నాను.

మంచాలు వరండాలోనే వేస్తారు. చల్లగాలి మంచిదట. ఎదురుగా పైన్ చెట్లు, వాటి వెనక మళ్ళీ పైన్ చెట్లు. నది చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకుండా నిద్రపోవడం వేరే నేర్చుకోవాలని నాకెవరూ చెప్పలేదు.

అసలు సంగతికి వస్తాను. ఒక పాట వచ్చింది. బాణీ కాగితం మీద రాయడం నాకు రాదు కదా. అమ్మ చేపలు తోముతూ ముక్కుతో తీసే రాగంలా మొదలవుతుంది. మూడో వరసలో ఒక్క మెట్టు దిగుతుంది, మన పెరటి గుమ్మం మెట్టులాగా. తెలియనివాడు అక్కడ పడతాడు. మాటలివి:

పడవ ఆపండయ్యా — ఇంకొకడున్నాడు —
చెప్పులు చేతబట్టి — వస్తూ ఉన్నాడు —
అవతలి గట్టున — దీపం వెలిగింది —
నన్ను చూడకుండా — తాడు విప్పకండి —

మెంఫిస్‌లో రికార్డులు తీసే క్రెన్షా గారు ఒకసారి మా కొట్టుకొచ్చి, నా వాయింపు విని, "పాటలుంటే పట్టుకురా అబ్బాయ్" అన్నాడు. నేను వెళ్ళలేను, నువ్వు వెళ్ళు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పాడి వినిపించి, మంచి గొంతున్న మగవాడెవడికైనా ఇమ్మను. నువ్వు చర్చి క్వయర్‌లో తప్ప ఎక్కడా పాడవని తెలుసు. వినిపించడం వరకే. అమ్మకి చెప్పకు.

నర్సమ్మ కలం లాక్కుంటోంది.

పడుకునే ఉన్న
హోసియా

హెలెనా
1954 మే 2

ఒరేయ్ హోసియా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను, పాట ముక్క వదిలేసి. "మధ్యలో కాగితం తిప్పేశావు, అక్కడేముంది?" అంది. "చలి గురించమ్మా" అన్నాను. ఆ పూటే ఉన్ని మేజోళ్ళు అల్లడానికి కూర్చుంది. నీ పాట పుణ్యమా అని కాళ్ళు వెచ్చగా ఉంటాయిలే.

లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ నీ పాట పాడి చూశాను. నెమ్మదిగానే మొదలెట్టాను. ఆవిరి మిషను ఒప్పుకోలేదు. అది ధడ్ మంటుంది, ఉస్స్ మంటుంది, మళ్ళీ ధడ్ మంటుంది. దానితోపాటే పాట పరుగెత్తింది. నువ్వు గీతలు పెట్టిన చోటల్లా ఆగాను. నేనాగిన చోట మిషను ఒక్కటే "ఉస్స్" మంది. దుప్పట్లు మడత పెడుతున్నవాళ్ళందరూ గొల్లుమని నవ్వి, "మళ్ళీ పాడవే, మళ్ళీ ఆగవే" అని ప్రాణం తీశారు.

శనివారం బస్సెక్కి మెంఫిస్ వెళ్ళాను. క్రెన్షా గారు పొట్టివాడు, చుట్ట నోట్లోంచి తీయడు. పాట విని చుట్ట తీశాడు. ఆ పూటే రికార్డు చేశారు. రూబీ వాన్స్ అని అక్కడున్న మనిషి పాడింది. దుక్కలా ఉంటుంది, చదువు అంతంత మాత్రం, గొంతు ఫరవాలేదు. గీతల దగ్గర బాజాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, మళ్ళీ ఒక్కసారి మీద పడతాయి. నీ ఆలోచన బావుందని అందరూ మెచ్చుకున్నారు.

రికార్డు మీద నీ పేరు "హెచ్. టార్పిన్" అని పడింది. టార్ప్లీ అని నేను మొత్తుకున్నాను. చుట్ట నములుతూ రాసుకుంటే అలాగే ఉంటుంది.

మేజోళ్ళు తొడుక్కో.

వీనక్క

శానిటోరియం
1954 మే 11

వీనక్కా,

నీకు బుద్ధుందా? గీతల దగ్గర ఆగమని ఎవరు చెప్పారు? అవి పాటలోవి కావు తల్లీ! ఊపిరి అందక నా కలం ఆగిన చోట్లు. నాలుగు మాటలు లోపల పాడుకునేసరికి ఆయాసం వస్తుంది. ఒక గీత గీసి, గాలి పీల్చుకుని, మళ్ళీ మొదలెడతాను. రోగిష్టివాడి ఆయాసాన్ని రికార్డు మీద అచ్చేసిన మనుషుల్ని మిమ్మల్నే చూశాను.

ఇక ఆ పరుగేమిటి? అది గట్టు మీద ఒంటరిగా మిగిలిపోయినవాడి పాట. పొద్దు వాలింది, పడవ కదిలింది, వాడు పిలుస్తున్నాడు. అంతే. అంతకంటే ఏమీ జరగదు. ఆ రూబీ వాన్స్ ఎవత్తోగానీ పాటకి అర్థం తెలియని మొద్దు. ఇల్లంటుకున్నట్టు పాడి ఉంటుంది. నేనన్నానని దానికి చెప్పు. నేను వినే దారి కూడా లేదు. ఇక్కడ రేడియోలో ఆదివారం వాక్యం తప్ప పెట్టరు. గంతుల పాటలు వింటే జ్వరం ఎక్కువవుతుందట.

అయినా ఒక్క మాట చెప్పు. జనం ఆడుతున్నారా? సారాకొట్టులో నేనెప్పుడూ జనానికి వీపు పెట్టి పియానో ముందు కూర్చునేవాణ్ణి. నా పాటకి ఒక మనిషి ఆడుతుంటే కళ్ళారా ఇంతవరకూ చూడలేదు. ఆడుతుంటే మటుకు వెంటనే రాయి. ఇక్కడి కంచె ఎంత ఎత్తుందో చూసి పెట్టుకున్నాను. ఒక్కసారి చూసి చచ్చినా చాలు.

కోపంగా
హోసియా

హెలెనా
1954 జూన్ 20

ఒరేయ్,

తిట్లన్నీ రూబీకి అందజేశాను. మొద్దు అన్నావంటే మొహం ముడుచుకుంది. ఇల్లంటుకున్నట్టు అన్నావంటే మాత్రం, "అంటుకుందనే కదా పరుగు" అంది. దానికీ నోరుందిలే.

నువ్వు చెప్పినట్టు నెమ్మదిగా కూడా పాడి చూశాను, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. రెండో వరస దాటలేకపోయాను. అది శవం వెంట నడిచే పాటరా. ఆ గట్టు మీద నిలబడ్డవాడెవడో నాకు తెలియదనుకున్నావా? వాణ్ణి అలా నీళ్ళ దగ్గర నిలబెట్టి ఎలా రమ్మంటావు? అందుకే రూబీని పరిగెత్తమన్నాను. పరిగెత్తేవాడు పడవ అందుకుంటాడు. మాటలు నీవే, ఒక్కటీ మార్చలేదు.

జనం సంగతి అడిగావు. చెప్పడానికేం లేదు. రికార్డు పెట్టెలు పెట్టెలుగా తిరిగొచ్చాయని క్రెన్షా గారు అన్నాడు. ఎవరూ ఆడటం లేదు. కంచె జోలికి పోకుండా బుద్ధిగా పడుకో.

అమ్మ రొట్టె పంపుతోంది. విరిగిపోతే జావలో వేసుకో.

వీనక్క

శానిటోరియం
1954 సెప్టెంబరు 5

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. 

రూబీని తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు. తప్పు ఆమెది కాదు, పాటదే. ఇక రాయను. రాసినవి రెండు మూడుంటే చించేశాను. లోపల బాణీలు తిరుగుతుంటే ఆయాసం తప్ప ఒరిగేదేం లేదు.

రోజూ సాయంత్రం కళ్ళు మూసుకుని మన వీధిలో నడుస్తాను. పత్తి గోదాము దగ్గర మొదలెడతాను. గోడ నీడలో పచ్చి వేరుశనగ ఉడికించే ముసలాయన. మంగలి షాపు ముందు పలక మీద చెక్కర్స్ బిళ్ళలు ఆడేవాళ్ళు, వాళ్ళ మీద కామెంట్లు చేసేవాళ్ళు. కట్ట ఎక్కితే నది. ఈ మధ్య నడకలో ఇబ్బందొచ్చింది. మంగలి షాపు దాటాక ఏ ఇల్లుందో గుర్తు రావడం లేదు. పచ్చ తలుపు ఇల్లా, మెట్ల ఇల్లా? అక్కడే నిలబడిపోతున్నాను. రాయి అక్కా, ఏ ఇల్లు?

హోసియా

హెలెనా
1954 నవంబరు 14

తమ్ముడూ,

మంగలి షాపు తర్వాత పచ్చ తలుపు ఇల్లు. ఇప్పుడు తలుపుకి నీలం వేశారు. నువ్వు పచ్చదే అనుకో.

నేను బాగానే ఉన్నాను. క్వయర్‌కి వెళ్ళడం లేదు, మోకాళ్ళ నొప్పులు. ఎక్కువ సేపు నిలబడలేకపోతున్నాను. లాండ్రీ కూడా మానేశాను. ఈ మధ్య మెంఫిస్‌లో పని దొరికింది, వస్తూ పోతూ ఉన్నాను. ఏం పనంటే, పనే.

పాటలు మానకురా. ఎవరూ ఆడకపోయినా రాయి. నాకోసం రాయి.

వీనక్క

శానిటోరియం
1955 ఫిబ్రవరి 17

గౌరవనీయులైన మిస్ రూబీ వాన్స్ గారికి,

తమరి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయండీ?

మా పక్క మంచానికి క్లీథా మాబ్రీ అనే ఆయన వచ్చారు. పైన్ బ్లఫ్‌లో లారీలకు బరువులెత్తే మనిషి. పడుకోబెట్టగానే "పడవ ఆపండయ్యా" అని గొణిగాడు. గొణిగి, ఆగాడు. ఆగిన చోట దుప్పటితో సహా రెండు కాళ్ళూ పైకి ఎగరేశాడు. నర్సమ్మ వచ్చి కాళ్ళు పట్టుకుని కిందికి దించింది.

"ఆ పాట నీకెలా తెలుసు?" అన్నాను.

"తెలియనిదెవడికి బాబూ? మా ఊళ్ళో క్రిస్మస్ ఆటలో ఆ పాటకే నేల చెక్కలు విరిగాయి. నువ్వే దేశంలో ఉన్నావు?"

"ఎవరు పాడతారు?"

"రూబీ వాన్స్ అని, మీ హెలెనా మనిషే. కొండలా ఉంటుంది. చెప్పులు విప్పేసి పాడుతుంది. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుంది."

ఆ గాటు ఎలా పడిందో నాకు తెలుసండీ. చిన్నప్పుడు రాయి విసిరింది నేనే కదా.

తమరు అబద్ధం చెప్పినందుకు కాదు నా బాధ. పాట చచ్చిపోయిందనుకుని ఇన్ని నెలలు దాని పక్కన నేనూ పడుకున్నాను. ఊరూరా జనం ఎగురుతుంటే, ఆ సంగతి తెలియనివాణ్ణి లోకంలో నన్నొక్కణ్ణే చేశారు. చించేసిన కాగితాలు అతికించమంటారా?

ఇట్లు
తమరి విధేయుడు
హెచ్. టార్పిన్

మెంఫిస్
1955 మార్చి 1

తమ్ముడూ,

నన్ను "మీరు" అనకురా. మొద్దు అను, దుక్క అను, పడతాను. మీరు అంటే మటుకు చెయ్యి ఆడటం లేదు.

నిన్ను దింపిన రోజు డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "ఏడాది లోపల లేచాడంటే తీసుకెళ్ళడానికి పెట్టె తెచ్చుకోండమ్మా" అన్నారు. నువ్వేమో కంచె ఎత్తు కొలుచుకున్నానని రాశావు. నేనేం చెయ్యను? నీ పాటను చంపితే నువ్వు పడుకుంటావనుకున్నాను. పడుకున్నావు కూడా. మంగలి షాపు పక్క ఇల్లు ఏదని నువ్వు అడిగిన రోజున మాత్రం, ఆ అబద్ధం నిన్ను ఎంత దూరం తీసుకెళ్ళిందో తెలిసి లాండ్రీలో బుట్ట వెనక కూర్చుని ఏడ్చాను. అయినా చెప్పలేదు. బతికి నన్ను తిట్టుకుంటే చాలనుకున్నాను.

ఇక మోకాళ్ళ నొప్పుల సంగతి. రూబీ అని పేరు మార్చుకున్నా గొంతు దాగలేదురా. పాస్టరు గారు పిలిపించి, "లువీనియా, శనివారం ఆ నోరు, ఆదివారం ఈ నోరు అంటే కుదరదమ్మా" అన్నారు. "ఉన్నది ఒక్కటే నోరు కదండీ" అన్నాను. దాంతో క్వయర్ పోయింది. అమ్మ మాట్లాడటం మానేసింది. కంచం పెట్టేది, తలుపు తీసేది, మాట మాత్రం లేదు. ఒకరోజు పెరట్లో చేపలు తోముతూ రాగం తీస్తోంది. మెట్టు మీదే నిలబడిపోయాను. నీ పాట. నువ్వు చెప్పినట్టు, అంత నెమ్మదిగా.

"ఏం పాటమ్మా అది?"

"యొర్దాను నది దాటి దేవుడి దగ్గరికి పోయే పాట."

"అది నేను పాడిన పాటమ్మా."

"తెలుసు. పక్కింటి రేడియోలో రోజూ చావగొడుతున్నావుగా. నువ్వు తప్పు పాడావు. ఇలా పాడాలి."

అంతే. ఆ పూట చేప ముక్క పెద్దది నాకే వేసింది.

ఇప్పుడు ఆట సంగతి వినరా. పడుకునే విను, లేవకు. మొన్న శనివారం పొగాకు గోదాములో ఆట. వరసలు వరసలుగా జనం. మొదటి గీత దాకా మామూలుగానే ఆడతారు, నవ్వుకుంటూ, తొక్కుకుంటూ. గీత దగ్గర బాజాలు ఆగుతాయి చూడు, అందరూ ఒకేసారి పైకి ఎగురుతారు. ఎవరూ నేర్పలేదు. మొదటి రోజే అలా ఎగిరారు. వంటమనుషులు, రేవు కూలీలు, స్కూలు టీచర్లు. ఒక గర్భిణి ఎగరలేక చేతులు మాత్రం ఎత్తింది. ఎవరికీ తెలియదు అది నీ ఆయాసమని. నాకు తెలుసు. ప్రతిసారీ ఆ చోట కళ్ళు మూసుకుంటాను. నువ్వు గాలి పీల్చుకునే దాకా ఆగి, అప్పుడు అందుకుంటాను. బాజా వాళ్ళు నన్ను చూసి మొదలెడతారు. నేను నిన్ను చూసి.

రాయరా. తిట్టయినా రాయి.

వీనక్క

శానిటోరియం
1955 ఏప్రిల్ 24

వీనక్కా,

నీ ఉత్తరం క్లీథాకి చదివి వినిపించాను. క్లీథా అవతలి మంచానికి చెప్పాడు, అది వరండా చివరి దాకా వెళ్ళింది. ఇప్పుడు నేనంటే ఇక్కడ గౌరవం. జావలో వెన్న కాస్త ఎక్కువ పడుతోంది.

కోపం పోయిందా అంటే, పోయినట్టే ఉంది. మళ్ళీ పొద్దున్నే వస్తుంది. వచ్చినప్పుడు గర్భిణి చేతులు ఎత్తిన ముక్క చదువుకుంటాను.

మూడు పాటలు పంపుతున్నాను. ఒకటి అద్దె గదిలో ఎలుక మీద. ఒకటి నీ ఆవిరి మిషను మీద. మూడోది పచ్చ తలుపు మీద, నీలం వేసినా సరే. ఈసారి గీతలు కావాలనే పెట్టాను. ఎక్కడ పెడితే ఎవరు ఎగురుతారో అని కళ్ళు మూసుకుని చూసుకుంటూ పెట్టాను. మూడో పాటలో చివరి గీత చాలా పొడుగు. భయపడకు, అంతసేపూ ఆగు. జనం కిందికి దిగాక ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవాలి. అదే నాకు కావాలి.

నేనూ చూడాలి అక్కా. ఎప్పటికైనా.

తమ్ముడు

సెయింట్ లూయిస్, దారిలో
1956 ఆగస్టు 8

ఒరేయ్ హోసియా,

పచ్చ తలుపు పాట పాడని రోజు లేదు. ఆ పొడుగు గీత దగ్గర నిజంగానే మొహాలు చూసుకుంటారు. నిన్న ఒకడు ఆ సందులో పక్కనున్న పిల్లని పేరు అడిగాడు, హాలంతా వినిపించింది. ఆ పిల్ల చెప్పింది కూడా.

ఉత్తరం చిన్నదని తిట్టకు. కారులోనే నిద్ర, కారులోనే తిండి. ఈ ఊళ్ళో మన వాళ్ళకి గది ఇచ్చే ఇల్లు ఊరి చివర ఒక్కటే ఉంది. మంచం మీద నలుగురం అడ్డంగా పడుకున్నాం. అమ్మ చేతి చేప తిని ఎన్నాళ్ళయిందో.

ఉత్తరాది తెల్ల కుర్రాళ్ళెవరో నీ "పడవ" మళ్ళీ రికార్డు చేశారట. గీతలున్న చోటల్లా "లాలలా" అని పూడ్చేశారు. క్రెన్షా గారు గోడకేసి చుట్ట కొట్టాడు.

వస్తానురా. నిజంగా వస్తాను.

వీనక్క

శానిటోరియం
1957 మార్చి 3

వీనక్కా,

ఆ తెల్ల కుర్రాళ్ళని ఏమీ అనకు. పాపం, వాళ్ళకి ఊపిరి ఎక్కువ.

కొత్త మాత్రలు పనిచేస్తున్నాయట. ఫోటో తీసి చూపించారు. పుండు మచ్చ కట్టింది. నిన్న మొదటిసారి కంచె దాకా నడిచాను. అంత ఎత్తేం లేదు. పట్టుకుని నిలబడి వెనక్కి వచ్చేశాను. దూకాలనిపించలేదు. నన్ను భయపెట్టింది అదే.

ఇవాళ నెల మొదటి ఆదివారం, చూడటానికి వచ్చే రోజు. క్లీథా పెళ్ళాం వచ్చింది. నువ్వు రావని తెలుసు. శనివారం రాత్రి ఎక్కడో పాడి, ఆదివారం మధ్యాహ్నానికి ఈ అడవిలోకి ఎలా వస్తావు? తెలిసినా చొక్కా మార్చుకుని కూర్చుంటాను. మూడేళ్ళయింది అక్కా. లోకమంతా విన్న నీ గొంతు నేనింకా వినలేదు. క్లీథా పాడి వినిపిస్తాడు, గాడిద నీళ్ళు తాగుతున్నట్టు. నీ పేరు చెప్పుకునేవాళ్ళని చూస్తే గర్వంగా ఉంటుంది. ఆ వెంటనే, వీళ్ళంతా చూశారు, నేను చూడలేదు అని లోపల ఏదో మెలిపెడుతుంది.

నీకు ఇక్కడికి రావడం ఇష్టం లేదేమో అని కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఇష్టం లేకపోతే చెప్పు. ఈసారి అబద్ధం వద్దు.

హోసియా

బెంటన్ బస్సు స్టేషను
1957 అక్టోబరు 6, ఆదివారం

ఒరేయ్ తమ్ముడూ,

ఇది హెలెనాకి పంపుతున్నాను. నువ్వు అమ్మ దగ్గరే ఉండి ఉంటావు.

ఇష్టం లేదా అని అడిగావు చూడు, ఆ మాట ఆర్నెల్లుగా గొంతులో ముల్లులా ఉంది. రాసి లాభం లేదు, వెళ్ళే చూపించాలి అనుకున్నాను. క్రెన్షా గారితో పోట్లాడి ఈ శనివారం పాట మానేశాను. నా బదులు వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. నీకు చెప్పకుండా వచ్చి నీ మొహం చూడాలనుకున్నాను. లిటిల్ రాక్‌లో తెల్లవాళ్ళ బడిలో మన పిల్లల్ని చేర్చుకున్నారని గొడవ, వీధి నిండా తుపాకులు పట్టుకున్న సైనికులు, బస్సు అడుగడుక్కీ ఆగింది. చేతిలో అమ్మ చేసిన చిలగడదుంప తీపి రొట్టె.

వరండాలోకి వస్తే నీ మంచంలో ఎవరో పిల్లవాడు. మంచాల మధ్య నీ మొహం కోసం వెతికాను. పక్క మంచం పెద్దమనిషి లేచి కూర్చుని, "కంగారు పడకమ్మా, బతికే వెళ్ళాడు. శుక్రవారమే వదిలేశారు. నువ్వు రూబీవి కదూ?" అన్నాడు. క్లీథాని అలా చూశాను.

తీపి రొట్టె వాళ్ళకే పంచాను. అందరూ ఒకే మాట, పాడమని. నర్సమ్మ కుదరదంది. క్లీథా బతిమాలాడు, వాడి పెళ్ళాం బతిమాలింది. చివరికి నర్సమ్మ, "నెమ్మదిగా అయితే ఒక్కటి పాడు. ఎవరైనా ఎగిరారో, చూసుకోండి మరి" అంది.

నీ మంచం అంచున కూర్చుని పాడానురా. నువ్వు మొదట అడిగినట్టు, అంత నెమ్మదిగా. ఈసారి రెండో వరస దాటాను. అక్కడ కూర్చుంటే తెలిసింది, ఆ పాట అంతకంటే వేగంగా ఎలా రాయగలవు? ఎదురుగా ఆ చెట్లేగా. గీత దగ్గర ఆగాను. ఎవరూ కదల్లేదు. కానీ దుప్పట్ల కింద, వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా, కాలివేళ్ళు లేచాయి. నర్సమ్మ చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

మంగళవారానికి మెంఫిస్ చేరతాను. అక్కణ్ణుంచి నేరుగా ఇంటికే. కదలకుండా ఉండు. ఈ ఒక్కసారి కదలకు.

వీనక్క

మెంఫిస్
1957 అక్టోబరు 6, ఆదివారం

వీనక్కా,

ఈ ఉత్తరం నీ ఇంటి ఓనరమ్మ చేతికిచ్చి వెళ్తున్నాను. నువ్వు నాకోసమే వెళ్ళావని ఇందాకే ఆమె చెప్పింది. ఇద్దరం మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాం. తర్వాత ఆమె నాకు కాఫీ ఇచ్చి, కాసేపు ఒంటరిగా వదిలేసింది.

శుక్రవారం వదిలేశారు. ఇంటికి వెళ్ళాల్సింది, కాళ్ళు మెంఫిస్ బస్సెక్కాయి. నిన్న సాయంత్రం హాలుకి వెళ్ళాను. పాటలు రాసేవాణ్ణని చెప్తే గుమ్మం దగ్గరివాడు, "అలాగా, నేను గవర్నర్‌ని" అన్నాడు. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాను. నువ్వు లేవు. ఎవరో సన్నటి పిల్ల పాడింది. గొంతు ఫరవాలేదు. దుక్కలా లేదు, అదే లోటు.

"పడవ" మొదలెట్టారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నువ్వు రాసినట్టే ఉంది, అయినా నువ్వు రాసినట్టు లేదు. చెమట వాసన, పౌడరు వాసన, వేయించిన చేప వాసన రాయలేదు నువ్వు. మొదటి గీత వచ్చింది. బాజాలు ఆగాయి. అక్కా, హాలంతా గాల్లో ఉంది. ఒక్క పాదం నేల మీద లేదు. వరండాలో పైన్ చెట్లు చూస్తూ గాలి అందక నేను నోరు తెరిచిన చోటది. ఆ చోట ఇంతమంది. తర్వాత అందరూ ఒకేసారి దిగారు. నేల దెబ్బ నా అరికాళ్ళలోంచి పక్కటెముకల దాకా వచ్చింది. ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

పక్కన లావుపాటి ముసలమ్మ, ఊదారంగు టోపీ, చెమటకి ముద్దయిపోయి ఆడుతోంది. నా చెయ్యి పట్టుకుని ఊపింది. "ఏం అబ్బాయ్, గోడకి మేకు కొట్టారా నిన్ను? ఈ పాటకి నిలబడేవాడు మనిషేనా?"

"ఊపిరి అందదమ్మా, జబ్బు మనిషిని" అన్నాను.

"నాకు మాత్రం అందుతుందా? ఈ ఒళ్ళు చూడు. పాట కట్టినవాడు మంచివాడు నాయనా. మనలాంటివాళ్ళు గాలి పీల్చుకోవడానికేగా అక్కడక్కడా సందు పెట్టాడు."

ఆమె చెయ్యి వదల్లేదు. తర్వాతి గీత వచ్చింది. బాజాలు ఆగాయి.

ఎగిరాను అక్కా. కొంచెమే. కింద నుంచి చీమ దూరేంత.

హోసియా